పెన్న లోయలో టెంటు బస: మైలవరం వెనుక జలాల దగ్గర నా అనుభవం

కడప జిల్లాలో టెంటు వేసుకుని రాత్రి గడపడమంటే అందరూ గండికోట అంచు గురించే అడుగుతారు. అక్కడ కారు దిగి నాలుగడుగులు వేస్తే టెంటు, దగ్గర్లోనే టీ అంగడి, ఫోన్ సిగ్నల్ ఉంటాయి. నేను రాస్తున్నది ఆ అంచుకు కింద, మైలవరం డ్యాం వెనుక నీళ్లు పెన్న లోయలోకి ఎగదన్నే చోటు గురించి. పుట్టిలో, అంటే చేపలు పట్టేవాళ్ల గుండ్రటి చిన్న పడవలో పోవాలి, లేదంటే గొర్లు తిరిగే దోవన నడవాలి. కరెంటు, కుళాయి, అంగడి ఏవీ ఉండవు. ఇక్కడ బస చేస్తూ చేస్తూ నాకు గట్టిగా అనిపించింది ఏమంటే, మంచు కొండల కోసం పుట్టిన సలహాలు ఈ నేలకు సరిపోవు. మన దగ్గర చలి పెద్ద సమస్యే కాదు. మేకు దిగని బండ, లోయ పొడవునా కొట్టే గాలి, చెప్పకుండా పెరిగే నీళ్లు. ఈ మూడింటికి సిద్ధపడి పోతే మిగతాది సులభం.

ముందు అనుమతుల సంగతి. కోట లోపలి పాత కట్టడాలు పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి, వాటి మధ్య టెంటు వేయకూడదు. జలాశయం, దాని కట్ట జలవనరుల శాఖవి. చుట్టుపక్కల ఎర్రమల కొండల్లో రిజర్వు ఫారెస్టు ఎక్కడ మొదలవుతుందో హద్దురాళ్లు చూసి తెలుసుకోవాలి; దాటి లోపల రాత్రి ఉండాలంటే అటవీ శాఖ రేంజి ఆఫీసులో రాతపూర్వకంగా అడగాలి. మేము హద్దుకు ఇవతలే ఉంటాం. అయినా పోలీస్ స్టేషన్‌లో ఒక కాగితం ఇచ్చి పోతాం: ఎంతమంది, ఎవరి ఫోన్ నంబర్ ఏది, ఏ గట్టున ఉంటాం, ఏ రోజు ఎన్ని గంటలకు తిరిగొస్తాం. లోయ అడుగున సిగ్నల్ రాదు కాబట్టి ఈ కాగితమే దిక్కు. ఇలాంటిదే ఇంకో కాగితం ఊళ్లో తెలిసినవాళ్ల చేతిలో కూడా ఉండాలి.

కర్నూలు వైపు ఆత్మకూరు దాటాక శ్రీశైలం వెనుక జలాల ఒడ్డు ఇంకా బాగుంటుందని కొందరు ఆశపడతారు. అది నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం. అనుమతి లేకుండా లోపలికి పోవడమే నేరం, ఇక టెంటు మాట ఎత్తకూడదు. బైర్లూటిలో అటవీ శాఖ పెట్టిన బస ఉంది, కావాలంటే అందులో ఉండొచ్చు. కృష్ణ నీళ్లలో మొసళ్లు ఉన్నాయన్నది కూడా మరిచిపోవద్దు.

పోవాల్సిన కాలం డిసెంబరు నడుమ నుంచి ఫిబ్రవరి చివరిదాకా. నవంబరులో కొండలు పచ్చగా ఉండి మనసు లాగుతాయి గానీ, బంగాళాఖాతంలో వాయుగుండం పట్టిందంటే ఈ సీమలో ఏ వాగు ఎప్పుడు పొంగుతుందో చెప్పలేం. 2021 నవంబరు 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట కొట్టుకుపోయింది అలాంటి వానకే. మార్చి వస్తే బండలు పగలంతా పీల్చుకున్న వేడిని అర్ధరాత్రి దాకా వదులుతూనే ఉంటాయి, టెంటులో కన్ను మూతపడదు. ఏప్రిల్, మే సాయంత్రాలు పిడుగులు, ఈదురుగాలి. జూన్ తర్వాత నైరుతి గాలికి పుట్టి నీళ్లలోకి దింపరు.

బస చేసే చోటు ఎంచుకోవడం మీదే మేము ఎక్కువ సమయం పెడతాం. మధ్యాహ్నం మూడింటికల్లా అక్కడికి చేరాలని పట్టు పట్టేది ఇందుకే. జనవరిలో ఆరు దాటగానే పొద్దు గూకుతుంది, లోయ అడుగున అంతకంటే ముందే నీడ కమ్ముతుంది. చీకట్లో తావు వెతికితే కనబడే చదును నేల ఒక్కటే, నీళ్ల పక్కన ఉండేది. వేయకూడనిది సరిగ్గా అక్కడే.

కారణం ఇది. మైలవరానికి పైన అదే పెన్న మీద గండికోట జలాశయం ఉంది. దాని సామర్థ్యం 26.85 టీఎంసీలు, మైలవరానిది 10 టీఎంసీల లోపు. పెద్ద కుండలోంచి చిన్న కుండలోకి వంచినట్టు పైన గేట్లు కొంచెం ఎత్తినా కింద నీటిమట్టం కదులుతుంది. మన దగ్గర వాన పడాల్సిన పని లేదు, ఆకాశం నిర్మలంగా ఉండగానే ఒడ్డు జరుగుతుంది. నీళ్లు వదులుతున్నారా లేదా అన్నది బయలుదేరే ముందు రోజు డ్యాం సిబ్బందినో, చేపలు పట్టేవాళ్లనో అడిగి తెలుసుకోవాలి. అడిగినా సరే, టెంటు మాత్రం నీటి అంచుకు నిలువునా ఆరడుగులు పైన ఉండాలి. దూరం కొలిచి మోసపోవద్దు, ఎత్తు చూడాలి. ఇరవై అడుగులు నడిస్తే ఒక అడుగు ఎత్తు పెరిగే వాలు ఉందనుకోండి, నీళ్లు ఒక్క అడుగు పెరిగితే ఒడ్డు ఇరవై అడుగులు మన వైపు వస్తుంది. రెండడుగులు పెరిగితే నలభై. నిటారుగా ఉన్న గట్టు మీద అదే పెరుగుదల పక్కనే ఉన్నా తెలియదు.

బండల మీద తెల్లటి గీతలు పొరలు పొరలుగా కనిపిస్తాయి. అవి పాత నీటిమట్టాలు. అన్నిటికంటే పై గీత, దాని దగ్గర చిక్కుకున్న పుల్లలు, ప్లాస్టిక్ సీసాలు, వల ముక్కలు చూస్తే నిండు జలాశయం ఎక్కడిదాకా వస్తుందో తెలుస్తుంది. వీలైతే ఆ గీతకు పైనే ఉండాలి. పొద్దు గూకేముందు నీటి అంచున ఒక రాయి పెట్టి, అక్కడి నుంచి టెంటు వైపు ఎత్తులో జానెడుకు ఒకటి చొప్పున నాలుగు పుల్లలు గుచ్చుతాం. పడుకునేముందు ఒకసారి, రాత్రి లేచినప్పుడల్లా ఒకసారి టార్చి వేసి చూస్తాం. మొదటి పుల్ల మునిగితే సామాను సర్దడం మొదలు. రెండోది మునిగితే టెంటు ఎత్తి పైకి పోవడమే, ఇంకా పెరుగుతుందా లేదా అని తర్కాలు వద్దు.

నీళ్లు తగ్గుతున్నప్పుడు ఇంకో గండం. కొత్తగా బయటపడిన ఒండ్రు పైన ఎండి, నెర్రెలిచ్చి, నడిచేందుకు గట్టిగా కనబడుతుంది. పైపొర రెండు మూడు అంగుళాలే. కింద అడుసు అలాగే ఉంటుంది. మోకాలి దాకా దిగబడితే వీపు మీద సంచి బరువుతో బయటికి రావడం కష్టం. చేతికర్రతో ముందు పొడిచి చూడాలి. కర్ర జానెడు లోతు సులువుగా దిగితే ఆ దారి వదిలేసి బండ మీదుగా చుట్టి పోవాలి. దిగబడిపోతే సంచి విప్పి పక్కకు విసిరేసి, వెనక్కి వాలి కూర్చుని, కాలు ఒక్కొక్కటే మెల్లగా ఆడిస్తూ తీయాలి. పైన గండికోట జలాశయం ఒడ్డున అయితే ముంపు ఊళ్ల బావులు కూడా ఉన్నాయి, నీళ్లు తగ్గినప్పుడు ఆ వైపు పొలాల్లో అడ్డంగా నడవకూడదు.

కొండ గోడకు ఆనుకుని నీడ బాగుందని టెంటు వేయడం కూడా మానుకోవాలి. ఈ లోయ గోడలు కోట దగ్గర దాదాపు 300 అడుగులు. రాయి పలకలు పలకలుగా, చతురస్రాలుగా విడిపోయే రకం. భూగర్భ శాస్త్రవేత్తలు దీన్ని గండికోట క్వార్ట్‌జైట్ అంటారు. కోతులు పైన గెంతినా ముక్కలు రాలతాయి. కింద కొత్తగా విరిగిన, అంచులు పదునుగా ఉన్న రాళ్లు కనిపిస్తే అక్కడ ఆగొద్దు. ఇంకోటి, తలెత్తి చూడండి. గోడ మీద నల్లగా, అర్ధచంద్రాకారంలో వేలాడేవి కొండ తేనెటీగల తెట్టెలు. వాటి కింద పొయ్యి పెట్టి పొగ ఎగదోయడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. రాత్రి బలమైన లైటు పైకి కొట్టినా దిగి వస్తాయి. తెట్టె కనిపిస్తే కనీసం రెండు ఫర్లాంగులు జరిగిపోతాం. ఒకవేళ లేచాయంటే నీళ్లలో దూకొద్దు, పైనే తిరుగుతూ ఉంటాయి; ముఖం కప్పుకుని ఆగకుండా దూరంగా పరుగెత్తాలి.

ఇక పుట్టి. ఇక్కడ చేపలు పట్టే పుట్టి అయిదారడుగుల వెడల్పు ఉంటుంది. నడిపేవాళ్లు కాక ఇద్దరు మనుషులు, వాళ్ల సంచులు, అంతే. అంచుకూ నీళ్లకూ మధ్య జానెడు ఖాళీ ఉండాలి, అది లేకపోతే రెండు దఫాలుగా పోవాలి. ఎక్కేటప్పుడు అంచు మీద కాలు పెడితే తిరగబడుతుంది. ఒకరు అంచు పట్టుకోగా నేరుగా నడిమధ్య అడుగు పెట్టి వెంటనే కూర్చోవాలి. దారిలో లేవకూడదు, ఫొటో కోసం ఒకే పక్కకు ఒరగకూడదు. బరువు సంచులు మధ్యలో, మనుషులు ఎదురెదురుగా. సంచి భుజానికి తగిలించుకుని కూర్చోవద్దు, నీళ్లలో పడితే అదే కిందికి లాగుతుంది. లైఫ్ జాకెట్లు పుట్టివాళ్ల దగ్గర ఉండవు, మనమే తీసుకుపోవాలి, బకిల్స్ పెట్టుకుని తొడుక్కోవాలి. 2019 సెప్టెంబరులో గోదావరి మీద కచ్చులూరు దగ్గర పడవ మునిగినాక పర్యాటక పడవలకు నిబంధనలు బిగించారు. అందుకే పుట్టిలో పోయేముందు డ్యాం దగ్గర అధికారులకు చెప్పి, వాళ్లు సరేనంటేనే కదులుతాం. వద్దంటే నడక దారి ఉండనే ఉంది.

పుట్టికి కింద వెన్ను లాంటిది ఏదీ ఉండదు. గాలి తగిలితే తిరుగుతూ పక్కకు కొట్టుకుపోతుంది. మాకు అలవాటైన పుట్టి ఆయన ఒకే మాట చెబుతాడు: "గాలి లేసినాక పుట్టి మన మాట ఇనదన్నా, తెల్లారేసరికి ఒడ్డున ఉండండి." ఆరున్నరకు బయలుదేరి తొమ్మిదిలోపు దిగిపోవడం మా లెక్క. రెండో తెడ్డు, నీళ్లు తోడడానికి ఒక చెంబు పుట్టిలో ఉన్నాయో లేదో ఎక్కేముందే చూస్తాం. ఒడ్డు దగ్గర మునిగిన కంప చెట్ల మోడులు ఉంటాయి, అడుగు చిరిగేది అక్కడే. థర్మాకోల్ ముక్కలు, ఖాళీ సీసాలు వరుసగా తేలుతుంటే అది వల. దాని మీదుగా పోకుండా చుట్టి పోవాలి. అది ఇంకొకరి కూడు.

తిరుగు ప్రయాణం రోజు, గంట ముందే మాట్లాడుకుని, గాలి ఎక్కువై పుట్టి రాకపోతే ఏం చేయాలో కూడా అనుకోవాలి. మేము ఒక పూట తిండి ఎక్కువ పెట్టుకుంటాం, నడిచి బయటపడే దోవ కూడా ముందే చూసి పెట్టుకుంటాం. కాలిదోవ తెలియని చోటికి పుట్టిలో పోవడం నాకు ఇష్టం లేదు.

నడిచి పోయేటప్పుడు గొర్ల కాపరుల దోవే పట్టుకోవాలి, అడ్డదారులు వద్దు. కంప ముళ్లు మామూలు చెప్పు అడుగును దాటి అరికాల్లో దిగుతాయి, గట్టి అడుగున్న బూట్లు తప్పనిసరి. పట్టకారు, పిన్నీసు జేబులో ఉండాలి. మోత మనిషి బరువులో అయిదో వంతు దాటకూడదు. అరవై కిలోల మనిషికి పన్నెండు కిలోలు.

టెంటు తనంతట తాను నిలబడే గుండ్రటి రకం తీసుకోవాలి. మేకుల మీద ఆధారపడి నిలబడేది ఇక్కడ దండగ. ఇద్దరికి మూడు మనుషుల టెంటు, రెండున్నర కిలోల లోపు. దానితో వచ్చే సన్నటి మేకులు బండ మీద దిగవు, కొట్టితే వంగిపోతాయి. వాటికి బదులు 4 మిల్లీమీటర్ల నైలాన్ తాడు ముప్పై మీటర్లు తెచ్చుకుని నాలుగేసి మీటర్ల ముక్కలు చేసి, కొసలు కాల్చి పెట్టుకోవాలి.

రాతి మీద కట్టే పద్ధతి ఇది. టెంటు మూల నుంచి వచ్చిన తాడు కొసకు కొబ్బరికాయంత రాయిని రెండు చుట్లు చుట్టి ముడి వేయాలి. తాడును బిగువుగా లాగి ఆ రాయిని నేల మీద పెట్టాలి. ఇప్పుడు దానికి ముందు, అంటే టెంటు వైపు, తాడు మీదుగా ఇరవై కిలోల రాయి ఒకటి పెట్టాలి. గాలి టెంటును లాగితే చిన్న రాయి వచ్చి పెద్ద రాయికి తట్టుకుంటుంది, ఎంత లాగితే అంత బిగుస్తుంది. నేరుగా పెద్ద రాయికే తాడు కడితే రాయి పొర్లినప్పుడు వదులవుతుంది. ఈ రాళ్ల అంచులు కత్తిలా కోస్తాయి, తాడు ఆనే ప్రతి చోటా పాత సైకిల్ ట్యూబు ముక్క చుట్టాలి. ట్యూబు లేకుండా కట్టిన తాడు రాత్రంతా రాపిడికి తెల్లారేసరికి పీచు తేలి ఉంటుంది. అందుకే అరడజను ట్యూబు ముక్కలు తాళ్లతో పాటే మూటకట్టి ఉంచుతాను.

ఇసుక మేట మీద అయితే యూరియా సంచులు. ఖాళీ సంచిలో సగం ఇసుక నింపి, మూతి కట్టి, ఆ మూతికి తాడు వేసి, మూరెడు లోతు గుంతలో పాతి పైన ఇసుక తొక్కాలి. ఖాళీ సంచికి బరువు ఉండదు, తిరిగొచ్చేటప్పుడు చెత్త మోసుకురావడానికి కూడా అదే.

గాలి ఏ దిక్కున వీచినా లోయలో పడ్డాక లోయ పొడవునే పోతుంది. కాబట్టి టెంటు ఇరుకు వైపు ఆ వరుసకు ఎదురుగా, తలుపు గాలికి అడ్డంగా పక్కకు ఉండాలి. గాలికి ఎదురుగా వెడల్పు వైపు పెడితే కడ్డీ వంగి ముఖానికి గుడ్డ ఆనుతుంది. అడుగున శెనక్కాయలు ఆరబోసే టార్పాలిన్ ముక్క పరచాలి, కానీ అది టెంటు అడుగు కంటే నాలుగు పక్కలా రెండేసి అంగుళాలు చిన్నదిగా ఉండాలి. బయటికి వస్తే దాని మీద పడిన మంచు, వాన కిందికి జారి టెంటు అడుగున నిలుస్తాయి. పరవడానికి ముందు నేలను చేత్తో కాదు, కొమ్మతో ఊడ్చాలి. పల్లేరు కాయలు, తుమ్మ ముళ్లు ఏరేయాలి. గాలి నింపే పరుపు ఈ ముళ్లకు ఒక్క రాత్రి ఆగదు, 10 మిల్లీమీటర్ల ఫోమ్ చాప మేలు. కప్పుకోవడానికి పల్చటి స్లీపింగ్ బ్యాగ్ గానీ కంబళి గానీ చాలు. కంబళి బరువే గానీ తడిసినా వెచ్చదనం పోదు. నీళ్ల దగ్గర మంచు బాగా పడుతుంది కాబట్టి టెంటు పైకిటికీలు మూయకూడదు, మూస్తే మన ఊపిరి ఆవిరే లోపల చినుకులై కారుతుంది.

నీళ్ల సంగతి నిదానంగా చెప్పాలి, ఎక్కువమంది ఇబ్బంది పడేది ఇక్కడే. మనిషికి రోజుకు తాగడానికి, వంటకు కలిపి నాలుగు లీటర్లు. ఫిబ్రవరి చివర్లో అయిదు. మొదటి రోజువి ఇంటి నుంచే మోసుకుపోతాం. తర్వాతివి జలాశయం నుంచి. ఒడ్డున గేదెలు, మేకలు దిగే చోట ముంచకూడదు. పుట్టిలో పోయేటప్పుడే నడి నీళ్లలో, మోచేయి మునిగేంత లోతుకు క్యాన్ ముంచి నింపుకుంటే సగం పని అయిపోయినట్టే.

బురద తేర్చడానికి పటిక. పది లీటర్ల మడత బకెట్‌లో పటిక గడ్డను పట్టుకుని ఎనిమిది పది చుట్లు తిప్పితే చాలు, అర గ్రాము అటూ ఇటూ కరుగుతుంది. తర్వాత కదల్చకుండా నలభై నిమిషాలు ఉంచాలి. కాసేపటికి మట్టి పోగులు పోగులుగా ముద్దకట్టడం కంటికి కనబడుతుంది, మెల్లగా అడుక్కి దిగుతుంది. పైనీళ్లు మాత్రం వంచుకుని, కింది రెండంగుళాలు పారబోయాలి. పాత పంచె గుడ్డ నాలుగు మడతలు వేసి వడగట్టాలి. ఇంతవరకు చేసింది బురద తీయడమే, క్రిములు అలాగే ఉంటాయి. సలసలా మరిగాక ఒక నిమిషం ఉంచితే సరిపోతుంది. గ్యాస్ తక్కువైతే క్లోరిన్ మాత్ర. ఎన్ని లీటర్లకు ఒకటన్నది ఒక్కో కంపెనీకి ఒక్కో తీరు, పట్టీ మీద చూసి వేసి అరగంట ఆగాలి. బురద నీళ్లలో నేరుగా మాత్ర వేస్తే మందు మట్టికే ఖర్చయిపోతుంది, అందుకే పటిక ముందు, మాత్ర తర్వాత. నీళ్ల మీద ఆకుపచ్చ రంగు పోసినట్టు తెట్టు కట్టి ఉంటే అక్కడి నీళ్లు వద్దే వద్దు. ఆ నాచులో ఉండే విషం మరిగించినా, మాత్ర వేసినా పోదు.

తిండికి మన సీమ వంటల్ని మించినవి లేవు. పెళుసుగా కాల్చి ఆరబెట్టిన జొన్నరొట్టెలు, శెనక్కాయల పొడి, ఎర్రకారం, బెల్లం. వీటికి పొయ్యే అక్కర్లేదు. పొద్దున ఉగ్గాని: ఇద్దరికి 200 గ్రాముల బొరుగులు, ఒక ఎర్రగడ్డ, నాలుగు పచ్చిమిరపకాయలు, ఇంట్లోనే తెల్లగడ్డ, ఎండుకొబ్బరి వేసి దంచిన పుట్నాల పొడి నాలుగు చెంచాలు, మూడు చెంచాల నూనె. అయిదారు నిమిషాల మంటతో అయిపోతుంది. ఒక్క జాగ్రత్త: బొరుగులు నానబెట్టే నీళ్లు కూడా మరిగించి చల్లార్చినవే అయ్యుండాలి. పిండేసినా నీళ్లు బొరుగుల్లోనే ఉంటాయి, తాలింపులో కలిపే ఆ నిమిషం వేడికి క్రిములు చావవు. ఉగ్గాని తిని కడుపు పాడైందంటే కారణం నూటికి తొంభై పాళ్లు ఇదే అయ్యుంటుంది. సంగటి మనసులో ఉన్నా గిన్నెకు పట్టిపోతుంది, గ్యాస్ తింటుంది, కడగడానికి నీళ్లు దండగ. చేపలు మనం పట్టకూడదు, జలాశయంలో హక్కు లైసెన్సు ఉన్నవాళ్లది. పొద్దున వల తీసేటప్పుడు పుట్టివాళ్ల దగ్గరే కొనుక్కోవచ్చు.

230 గ్రాముల గ్యాస్ డబ్బా గాలి లేకపోతే పది పన్నెండు లీటర్లు మరిగిస్తుంది, గాలిలో అందులో సగమే. గాలికి ఒక పక్క మాత్రమే రాయి అడ్డం పెట్టాలి. చుట్టూ మూసేస్తే వేడి డబ్బాకు తగిలి పేలే ప్రమాదం ఉంది. టెంటు లోపల పొయ్యి ముట్టించకూడదు, నిప్పు సంగతి అటుంచి, కనబడని పొగే చంపుతుంది. కట్టెల మంట జనవరి దాటాక అసలే వద్దు, బోదగడ్డి ఎండిపోయి ఉంటుంది, ఒక్క రవ్వకు కొండ మొత్తం అంటుకుంటుంది. అంతకుముందైనా వట్టి బండ మీదే, ఎండు కంప కట్టెతోనే. పొయ్యికి నీళ్లలోంచి తీసిన రాళ్లు పెట్టొద్దు. లోపలి తేమ వేడికి ఆవిరై రాయి టప్పున పగిలి ముక్కలు ఎగురుతాయి.

రాత్రి భయపడాల్సినవి చిన్న ప్రాణులు. టెంటు జిప్పు రెండు నిమిషాలు కూడా తెరిచి ఉంచకూడదు. కట్లపాము రాత్రి తిరుగుతుంది, నేల మీద పడుకున్నవాళ్లను కరుస్తుంది, కరిచిన చోట నొప్పి కూడా తెలియకపోవచ్చు. పొద్దున కడుపునొప్పి, కనురెప్పలు వాలిపోవడం ఉంటే గాటు కనబడకపోయినా పాముకాటనే అనుకుని కదలాలి. రాళ్లలో చిన్న పింజరి ఉంటుంది, అందుకే రాయి ఎత్తేటప్పుడు మన వైపు అంచు కాదు, అవతలి అంచు ఎత్తాలి. పాము ఉంటే అటు పోతుంది. కాటు పడితే కోయడం, పీల్చడం, బిగించి కట్టడం చేయకూడదు. ఉంగరాలు, గొలుసులు తీసేసి, కాలికో చేతికో కర్ర కట్టి కదలకుండా చేసి, మనిషిని నడిపించకుండా మోసుకుపోవాలి. దగ్గర్లో జమ్మలమడుగు, ఆ తర్వాత ప్రొద్దుటూరు ప్రభుత్వ ఆసుపత్రులు. విషం విరుగుడు మందు ఎక్కడ ఉందో బయలుదేరకముందే ఫోన్ చేసి కనుక్కుని కాగితం మీద రాసుకుంటాం. సిగ్నల్ దొరికే గుట్ట ఏదో వచ్చిన మొదటి గంటలోనే ఎక్కి చూస్తాం, 108కి అక్కడి నుంచే చేయాలి.

ఎర్ర తేళ్లు ఈ నేలలో చాలా ఎక్కువ. చిన్నపిల్లలకు దాని కాటు గుండె మీద దెబ్బ తీస్తుంది, పిల్లలతో ఇలాంటి చోటికి రావద్దనేది అందుకే. అతినీలలోహిత (యూవీ) కాంతి టార్చి ఒకటి కొనుక్కోండి. ఆ వెలుగులో తేలు ఆకుపచ్చగా మెరుస్తుంది. టెంటు చుట్టూ, రాళ్ల సందుల్లో ఒక్కసారి తిప్పితే ఎన్ని ఉన్నాయో తెలుస్తుంది. బూట్లు టెంటు లోపలే పెట్టుకుని, పొద్దున దులిపి తొడుక్కోవాలి. ఎలుగుబంట్ల కోసం తిండి సంచిని టెంటుకు యాభై అడుగుల దూరంలో, మనిషి ఎత్తుకు రెండింతలు ఎత్తున కొమ్మకు వేలాడదీస్తాం.

ఈత వద్దు. అడుగు ఒక్కసారిగా పోతుంది, కింద కంప ముళ్లు. స్నానం చెంబుతో ఒడ్డున, సబ్బు లేకుండా. మలవిసర్జనకు నీటి అంచుకు కాదు, పైన చెప్పిన నిండు మట్టం గీతకు అవతల ఎనభై అడుగులు వేసి, జానెడు లోతు గుంత తీసి మట్టి కప్పాలి. నీళ్లు పెరిగితే కింద ఉన్నదంతా జలాశయంలోనే కలుస్తుంది, ఆ నీళ్లే కింద ఊళ్లు తాగేది.

తిరిగొచ్చే రోజు పెట్టిన రాళ్లను దొరికిన చోటే పెట్టేస్తాం, తాడు ముక్కలు లెక్క చూసుకుంటాం. ఒడ్డున వదిలిన నైలాన్ ముక్క మేకల కడుపులోకో కొంగ కాళ్లకో పోతుంది. పొయ్యి బూడిదను నీళ్లు పోసి చేత్తో తడిమి చల్లబడిందో లేదో చూడాలి. ఇంటికి చేరినాక టెంటును అలాగే మూలన పడేయొద్దు. ఒండ్రు మట్టి జిప్పు పళ్లలో ఎండితే రెండోసారికి జిప్పు జారి ఊడిపోతుంది. మంచినీళ్లు పోస్తూ పాత టూత్‌బ్రష్‌తో జిప్పు మొత్తం రుద్ది, సబ్బు పొడి వాడకుండా కడిగి, నీడలో తిరగేసి రెండు పూటలు ఆరబెట్టాలి. అతుకుల దగ్గర తడి ఉండగా మడిస్తే లోపలి పూత పొరలుగా ఊడుతుంది, ఆ తర్వాత ఆ టెంటు వానకు ఆగదు.